స్పానిష్ మాటను లాటిన్ దాకా వెనక్కి నడిపించడం ఎలా? ఒక తాళంచెవితో చేసి చూద్దాం

స్పానిష్ నేర్చుకునేవాళ్లలో చాలామంది రోజుకు ఇరవై మాటలు బట్టీపడతారు, వారం తిరిగేసరికి అందులో సగం గుర్తుండవు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆ తర్వాత ఒకే ఒక మాట పట్టుకుని, దాని పుట్టిల్లు ఎక్కడో, అన్నదమ్ములెవరో, ఎవరు ఏ దేశంలో స్థిరపడ్డారో ఓపికగా వెతకడం అలవాటు చేసుకున్నాను. అప్పటినుంచి ఒక మాట వెంట పది మాటలు వాటంతటవే వస్తున్నాయి, వచ్చినవి పోవడం లేదు కూడా. మీరూ చెయ్యొచ్చు. స్పానిష్ పుట్టింది పాత రోమన్ల భాష లాటిన్ నుంచే, అయినా మీకు లాటిన్ రావక్కర్లేదు. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను, ఫోన్లో ఇంటర్నెట్, ఓ గంట టైమ్ ఉంటే చాలు.

ఒకే మాట తీసుకుని మొదటినుంచి చివరిదాకా చేసి చూపిస్తాను. ఆ మాట 'యావే'. స్పానిష్‌లో తాళంచెవి.

1. మాటను ఎంచుకోవడం

మొదటిసారి చేసేటప్పుడు ఇంట్లో తిరిగే పాత మాటనే తీసుకోండి. తలుపు, పాలు, చెవి, రాత్రి, వాన, కొడుకు, ఇలాంటివి. 'తెలెఫోనో' లాంటివి వద్దు, అవి నిన్నమొన్న తయారైనవి. అలాగే 'అల్' అనో 'అ' అనో మొదలయ్యే మాటలు కొన్ని, తలగడకు 'అల్మొఆదా', చక్కెరకు 'అసూకార్' లాంటివి, అరబ్బీ నుంచి వచ్చాయి. స్పెయిన్లో అరబ్బీ మాట్లాడే పాలకులు ఎన్నో వందల ఏళ్లు ఉన్నారు కదా. ఆ మాటల కథ కూడా బాగుంటుంది కానీ ఇవాళ్టి పద్ధతి వాటికి పనికిరాదు.

యావే మంచి ఎంపిక అని ఎందుకంటున్నానంటే, పొట్టి మాట, రోజూ వాడే మాట, పైగా రాసేటప్పుడు మొదట్లో రెండు 'ఎల్'లు పక్కపక్కనే ఉంటాయి. ఈ జంట ఎల్ ఎక్కడైనా మాట మొదట్లో కనిపిస్తే వెంటనే ఆగండి. దాని వెనక దాదాపు ఎప్పుడూ ఏదో ఒక కథ ఉంటుంది.

2. నిఘంటువు తెరిచి, ఒక్క అక్షరం తీసేయడం

స్పెయిన్లో 1713లో పెట్టిన రాయల్ అకాడమీ ఒకటి ఉంది, రేయాల్ అకడేమియా ఎస్పన్యోలా. దాని నిఘంటువు ఇంటర్నెట్లో ఉచితం. అందులో యావే అని కొడితే, అర్థాలకంటే ముందు చిన్న అక్షరాల్లో 'లాటిన్ క్లావిస్ నుంచి' అని ఉంటుంది. చాలామంది ఆ లైను దాటేసి కిందికి వెళ్లిపోతారు. మీరు మాత్రం దాన్ని నోటుబుక్కులో రాసుకోండి.

అయితే క్లావిస్ అనే రూపం నుంచి యావే నేరుగా రాలేదు. నిఘంటువులు లాటిన్ మాటను ప్రథమా విభక్తిలో ఇస్తాయి. స్పానిష్ నామవాచకాలు మాత్రం దాదాపుగా అన్నీ ద్వితీయా విభక్తి రూపం నుంచి పుట్టాయి. క్లావిస్‌కు ద్వితీయ క్లావెమ్. ఆ చివరి 'మ్' మామూలు జనం నోట్లో చాలా ముందే జారిపోయింది. మిగిలింది 'క్లావె'. ఇక్కణ్ణుంచే మన నడక మొదలు.

ఇది మనవాళ్లకు అర్థం కావడం కష్టమేమీ కాదు. 'ఇల్లు' అంటాం, కానీ 'ఇంటికి', 'ఇంట్లో', 'ఇంటి పేరు' అంటాం. ఎప్పుడో భవిష్యత్తులో తెలుగు నుంచి ఇంకో భాష పుట్టి, అందులో 'ఇల్లు' పూర్తిగా పోయి 'ఇంటి' మాత్రమే మిగిలిందనుకోండి, సరిగ్గా అదే స్పానిష్‌లో జరిగింది. రాత్రికి లాటిన్‌లో ప్రథమ 'నోక్స్', ద్వితీయ 'నోక్తెమ్'. స్పానిష్ 'నోచే' ఎవరి బిడ్డో చూస్తేనే తెలిసిపోతుంది. పాదానికి 'పేస్', 'పెదెమ్'. స్పానిష్‌లో 'పియే'. ఈ ఒక్క మెట్టు దాటేస్తే మీరు రాసుకునే లెక్కలన్నీ తప్పుతాయి, అందుకే ఇంతసేపు చెప్పాను.

3. ఒక్కో మార్పును ఒక్కో లైనులో రాయడం, రాసినదాన్ని పైకి చదవడం

ఈ పనికే ఎక్కువ టైమ్ పెట్టండి. నోటుబుక్కులో పైనుంచి కిందికి ఇలా రాయండి: క్లావె, క్ల్యావె, ల్యావె, యావె. ఇప్పుడు గొంతెత్తి నాలుగైదుసార్లు చదవండి. 'క్ల' అంటున్నప్పుడు నాలుక వెనక గొంతు దగ్గర మొదలై ముందుకు రావాలి. ఆ దూకుడులో 'ల' కాస్త మెత్తబడి 'ల్య' అవుతుంది. మెత్తబడ్డాక ముందున్న 'క్' బరువనిపించి రాలిపోతుంది. మిగిలిన 'ల్య'నే స్పానిష్‌వాళ్లు జంట ఎల్‌గా రాశారు. స్పెయిన్ ఉత్తరాన కొన్ని ఊళ్లలో, దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల ప్రాంతాల్లో ఇప్పటికీ 'ల్యావే' అనే అంటారు. మిగతా చోట్ల చాలావరకు 'యావే' అయింది. బ్వేనోస్ ఐరెస్‌లో అయితే 'షావే' అంటారు. పుస్తకంలో ఎక్కడైనా ఒకటే రాత, పలకడమే వేరు.

ఒక మాటలో ఒక మార్పు కనబడితే అది యాదృచ్ఛికం కావచ్చు. నియమమా కాదా అని తేల్చుకోవాలంటే అలాంటి మాటలు ఇంకో నాలుగు వెతకాలి. జంట ఎల్‌తో మొదలయ్యేవి చూడండి. పిలవడం 'యమార్', లాటిన్‌లో 'క్లామారే'. ఏడవడం 'యొరార్', లాటిన్‌లో 'ప్లోరారే'. వాన 'యూవియా', లాటిన్‌లో 'ప్లువియా'. మంట 'యామా', లాటిన్‌లో 'ఫ్లమ్మా'. నిండినది 'యేనో', లాటిన్‌లో 'ప్లేనుమ్'. చూశారా, క్ల, ప్ల, ఫ్ల మూడూ ఒకే గుమ్మంలోంచి లోపలికి వచ్చాయి!

పక్క భాషలను కూడా పక్కనే ఇంకో నిలువు వరసలో రాయండి. పోర్చుగీసులో ఇవే మాటలు షావి, షమార్, షొరార్, షూవా, షామా, షేయు. అంటే స్పానిష్‌లో జంట ఎల్ ఉన్నచోటల్లా పోర్చుగీసులో 'ష' శబ్దం. ఇటాలియన్‌లో కియావే, కియమారే, పియోజ్జా, ఫియమ్మా, పియేనో. అక్కడ 'ల' పోయి 'ఇ' వచ్చింది. ఫ్రెంచివాళ్లు 'క్లే' అని పాత క్ల నే ఉంచుకున్నారు. మాటలు ఒకదానిలా ఒకటి వినిపించడం గొప్ప సంగతి కాదు. ఒకచోట మారిన తీరే ప్రతిచోటా మారుతూ పోవడం, అదీ చుట్టరికానికి రుజువు. పోలిక చూసి నమ్మకండి, వరస చూసి నమ్మండి.

యేనో దగ్గర ఒక నిమిషం ఆగుతాను, ఎందుకంటే నాకు ఈ మాటంటే చాలా ఇష్టం. లాటిన్ ప్లేనుస్, సంస్కృతం పూర్ణ, రెండూ ఒకే ఇండో యూరోపియన్ (యూరప్ భాషల్లో చాలావాటికీ సంస్కృతానికీ మూలమైన పాత భాష) ధాతువు నుంచి వచ్చాయి. స్పానిష్‌వాళ్లు యేనోకు ముందు 'రె' తగిలించి 'రెయేనో' అన్నారు. అంటే లోపల కూరిన పదార్థం, లేదా కూరిన వంటకం. మెక్సికోవాళ్లు పెద్ద మిరపకాయలో జున్ను లాంటిది పెట్టి వేయించే 'చీలె రెయేనో'లో ఉన్నది ఇదే మాట. మనం బూరెల్లో, బొబ్బట్లలో పెట్టే శనగపప్పు బెల్లం ముద్దను ఏమంటాం? పూర్ణం. అక్కడ మిరపకాయలోదీ ఇక్కడ బూరెలోదీ వేల ఏళ్ల కిందట ఒకే మాట.

4. అదే మాట ఇంకో దారిలో వచ్చిందేమో చూడటం

ఇప్పుడు నిఘంటువులో 'క్లావే' అని కొట్టండి. యావే కాదు, క్లావే. అదీ ఉంది, అదీ లాటిన్ క్లావిస్ నుంచే. అర్థం మాత్రం వేరు: సంకేతం, పాస్‌వర్డ్, సంగీతం రాసేటప్పుడు మొదట్లో వేసే గుర్తు, ఒక విషయంలో అన్నిటికంటే కీలకమైన అంశం. మరి ఇక్కడ క్ల ఎందుకు మారలేదు?

ఈ ప్రశ్నకు తెలుగువాళ్ల దగ్గర రెడీమేడ్‌గా జవాబుంది. తత్సమం, తద్భవం. మనకు 'యాత్ర' ఉంది, 'జాతర' ఉంది. రెండూ ఒకటే సంస్కృతం మాట. కానీ ఒకటి పండితుల ద్వారా పుస్తకంలోంచి వచ్చింది, ఇంకోటి జనం నోట్లో నలిగి నలిగి వచ్చింది. కాశీకి వెళ్తే యాత్ర, మేడారంలో జరిగేది జాతర. 'శ్రీ' పేరుకు ముందు పెడతాం, 'సిరి' ఇంట్లో ఉండాలని కోరుకుంటాం. స్పానిష్‌లో కూడా అంతే: యావే జనం నోట్లో వందల ఏళ్లు నలిగిన తద్భవం, క్లావే చదువుకున్నవాళ్లు లాటిన్ పుస్తకంలోంచి నేరుగా తీసి పెట్టుకున్న తత్సమం. యేనోకు జతగా 'ప్లేనో' ఉంది. యామాకు జతగా 'ఫ్లామా' ఉంది. మామూలుగా చేతితో పట్టుకునే వస్తువు తద్భవానికి, బుర్రతో పట్టుకునే భావం తత్సమానికి వెళ్తుంది. యూరప్ భాషల గురించి చదివేవాళ్లు దీన్ని కష్టపడి నేర్చుకుంటారు, మనం బడిలో వ్యాకరణం క్లాసులోనే నేర్చుకున్నాం. ఆ పాఠాన్ని ఇక్కడ ధైర్యంగా వాడుకోండి.

ఇంకో జత కూడా దొరుకుతుంది. లాటిన్‌లో క్లావిస్‌కు ముద్దుపేరు 'క్లావికులా', అంటే చిన్న తాళంచెవి. డాక్టర్లు క్లావికల్ అనే ఎముక, మెడ కింద భుజందాకా అడ్డంగా ఉండేది, ఆ పేరు ఇదే. స్పానిష్‌లో అది 'క్లవీకులా'. అదే మాట జనం నోట్లో పడి 'క్లవీహా' అయింది. వీణకు, గిటారుకు తీగ బిగించే బిరడా లాంటిదన్నమాట, కరెంటు ప్లగ్గును కూడా అలాగే అంటారు. 'కులా' కాస్తా 'హా' ఎలా అయింది? మధ్యలో 'ఉ' మింగేసి 'క్లా' అన్నారు, మాట మధ్యలో ఆ క్ల మెల్లగా గొంతులోంచి వచ్చే 'హ' దాకా వెళ్లింది. దీనికీ వరస ఉంది. కన్ను 'ఒకులుస్', స్పానిష్‌లో 'ఓహో'. చెవి 'అవురికులా', స్పానిష్‌లో 'ఒరేహా'. అద్దం 'స్పెకులుమ్', స్పానిష్‌లో 'ఎస్పేహో'.

ఆ 'ఉ' మింగడం ఎవరో ఊహించి చెప్పింది కాదు, సాక్ష్యం కాగితం మీద ఉంది. పాతకాలంలో ఎవరో ఒక పంతులు 'ఇలా అనాలి, అలా అనకూడదు' అని 227 దిద్దుబాట్లు రాసి పెట్టాడు. అపెండిక్స్ ప్రోబీ అంటారు దాన్ని. అందులో 'స్పెకులుమ్ అను, స్పెక్లుమ్ అనకు', 'ఒకులుస్ అను, ఒక్లుస్ అనకు' అని ఉంది. అనకు అని పంతులు రాశాడంటే జనం అంటున్నారనే కదా. ఆయన తప్పు అని కొట్టేసిన మాటలే ఇవాళ కోట్లమంది ఇళ్లలో బతుకుతున్నాయి. అది మొదటిసారి చదివిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

5. మిగతా చుట్టాలను పిలవడం

'ఎంక్లావే' అంటే చుట్టూ వేరే దేశపు నేల ఉండి మధ్యలో చిక్కుకున్న భూమి ముక్క, తాళం వేసేసినట్టు. ఇది ఫ్రెంచి మీదుగా వచ్చింది. 'క్లావో' అంటే మేకు. లాటిన్‌లో 'క్లావుస్', క్లావిస్‌కు దగ్గరి చుట్టం, మొదట్లో తలుపు బిగించే పుల్లో మేకో రెండు పనులూ చేసి ఉండాలి. లవంగాన్నీ స్పానిష్‌లో క్లావో అనే అంటారు, ఒక లవంగం వేళ్ల మధ్య పట్టుకుని చూడండి, కింద కాడ, పైన గుండ్రటి తల, అచ్చం మేకే. మూయడానికి లాటిన్ 'క్లౌదెరే' కూడా ఈ కుటుంబమే, ఇంగ్లీషులోంచి మనం రోజూ వాడే క్లోజ్ అందులోంచే వచ్చింది.

'కాంక్లేవ్' మాటను 2025 మే నెలలో తెలుగు పేపర్లలో కూడా చూసే ఉంటారు, కొత్త పోప్ ఎన్నిక అప్పుడు. హైదరాబాదు ఆర్చ్‌బిషప్ కార్డినల్ పూల ఆంథోని కూడా అందులో ఓటు వేశారు. 'కొన్' అంటే 'తో', 'క్లావిస్' అంటే తాళంచెవి. లాటిన్‌లో కొన్‌క్లావె అంటే తాళం వేసుకునే గది, అంతే. ఆ పేరు ఎన్నికకు ఎందుకొచ్చిందంటే, 1268లో ఒక పోప్ చనిపోయాక ఇటలీలోని వితెర్బోలో కార్డినల్స్ దాదాపు మూడేళ్లు తేల్చలేదు, ఊరివాళ్లు విసిగిపోయి వాళ్లను లోపల పెట్టి తాళం వేశారు. 1271లో ఎన్నికైన పదో గ్రెగరీ, 1274లో తాళం వేసిన గదిలోనే ఎన్నిక జరగాలని నియమం పెట్టాడు.

6. అర్థం ఎటు నడిచిందో చూడటం

శబ్దం చూసి ఆగిపోకండి. నిఘంటువులో అర్థాలు వరసగా ఉంటాయి, వాటిని మీ మాటల్లో రాసుకోండి. యావే అంటే తాళంచెవి, అది తిప్పుతాం. తిప్పేవన్నీ యావేలయ్యాయి. మెక్సికోలో ఎవరైనా 'సియెర్రా లా యావే' అంటే తలుపు గురించి కాదు, కుళాయి కట్టెయ్యమని. మెకానిక్ చేతిలో ఉంటే పానా. కుస్తీలో చెయ్యో కాలో మెలిపెట్టి కదలకుండా పట్టే పట్టు కూడా యావేనే. తిప్పడం, బిగించడం, కదలకుండా చేయడం, ఒకదాని చెయ్యి పట్టుకుని ఇంకోటి నడిచాయి.

ఇంకో మాట 'ఆమా దె యావేస్', అక్షరాలా తాళాల యజమానురాలు. పెద్ద ఇళ్లలో పనివాళ్లందరినీ చూసుకునే ఆవిడ. రోమ్‌లో కూడా తాళంచెవులు ఇంటి ఇల్లాలి అధికారానికి గుర్తు, విడిపోయేటప్పుడు అవి తిరిగి తీసుకునేవారు. రోమన్ వక్త సిసెరో క్రీ.పూ. 44లో తన రాజకీయ శత్రువు మార్క్ ఆంటోనీ మీద రాసిన ప్రసంగంలో, ఆంటోనీ రోమ్ పాత చట్టమైన పన్నెండు శాసనాల ప్రకారం తన ప్రియురాలి దగ్గర తాళాలు లాగేసుకుని పంపేశాడని ఎద్దేవా చేస్తాడు. మా అమ్మమ్మ కొంగుకు ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడుతుండేది. అది ఆవిడ నడుము నుంచి కోడలి నడుముకు మారిన రోజు ఇంట్లో అందరూ గమనించారు, ఎవరూ పైకి అనలేదు. ఆమా దె యావేస్ అన్న మాట చదివినప్పుడల్లా నాకు ఆ గుత్తి చప్పుడే వినిపిస్తుంది.

7. తప్పుడు చుట్టాలను పక్కన పెట్టడం

టెన్షన్ పడకండి, కానీ జాగ్రత్త. 'యామా' అని ఒకేలా రాసే మాటలు స్పానిష్‌లో మూడున్నాయి. మంట, అది ఫ్లమ్మా నుంచి. 'పిలుస్తాడు', అది క్లామత్ నుంచి. మూడోది పెరూ కొండల్లో బరువులు మోసే జంతువు, దానికి లాటిన్‌తో ఏ సంబంధమూ లేదు, కెచువా భాషలోంచి వచ్చింది. రాత ఒకటే, ఇంటిపేర్లు మూడు.

అలాగే స్పానిష్ 'మూచో', ఇంగ్లీషు 'మచ్' రెండిటికీ 'చాలా' అనే అర్థం, వినడానికీ దగ్గరే. కానీ మూచో లాటిన్ 'ముల్తుమ్' బిడ్డ, మచ్ జర్మానిక్ కుటుంబం. వరస వెతికితే దొరకదు. మన 'తాళంచెవి'లో చెవిని చూసి పోర్చుగీసు షావి అనుకోబుద్ధేస్తుంది, ఆ తొందర వద్దు. చెవి అచ్చ ద్రావిడ మాట, తమిళంలోనూ చెవే, కన్నడంలో కివి. రెండు మాటలు ఒకేలా వినబడ్డాయన్నది పరిశోధనకు మొదలు మాత్రమే, ముగింపు కాదు.

8. మన వీధిదాకా రావడం

నిజమైన చుట్టం మాత్రం మన దగ్గరే ఉంది. హైదరాబాదులో 'చాబీ' అంటారు కదా, హిందీ, ఉర్దూల మీదుగా వచ్చింది. దాని మూలం పోర్చుగీసు మాటే. 1498లో వాస్కో డ గామా కోళికోడ్ చేరాడు, 1510లో గోవా పోర్చుగీసు చేతికి వెళ్లింది, వాళ్ల ఓడల్లో, గోదాముల్లో, చర్చీల్లో తిరిగిన మాటలు తీరం వెంట పాకాయి. తమిళంలో తాళంచెవిని ఇప్పటికీ 'చావి' అనే అంటారు.

ఇక్కడ మూడో మెట్టులో నేర్చుకున్నది పనికొస్తుంది. పోర్చుగీసువాళ్లు ఇప్పుడు 'షావి' అంటారు, మరి మన దగ్గర 'చ' ఎలా వచ్చింది? ఎందుకంటే ఆ రోజుల్లో వాళ్లూ 'చ' అనే పలికేవాళ్లు. క్ల్యా ముందు చా అయింది, ఆ తర్వాత అక్కడ షా అయింది. వాళ్లు మార్చేసుకున్న పాత ఉచ్చారణ మన గుత్తిలో భద్రంగా ఉండిపోయింది. నాంపల్లి ఫుట్‌పాత్ మీద చిన్న ఆకురాయి పెట్టుకుని 'డూప్లికేట్ చాబీ' చేసిచ్చే మనిషి, సిసెరో రాసిన మాటే రోజూ పలుకుతున్నాడు.

రెండో పేజీకి మీరే ఒక మాట మొదలుపెట్టండి. నేనైతే 'మయెస్త్రో' తీసుకోమంటాను, స్పానిష్‌లో గురువు, పనితనం ఉన్నవాడు. లాటిన్‌లో దాని ద్వితీయ 'మగిస్త్రుమ్'. చివరి మ్ తీసేయండి, ఆ తర్వాత రెండు అచ్చుల మధ్య ఇరుక్కున్న 'గ' ఏమైందో రాసుకోండి. పక్క నిలువు వరసలో పోర్చుగీసు 'మెస్త్రె' పెట్టండి, దాని కింద ఇల్లు కట్టేటప్పుడు మీరు రోజూ పిలిచే 'మేస్త్రీ'ని పెట్టండి.